మిగిలిన బొంతలు ఎవరివి?



ఈ నెల మీకొక చిన్న ప్రశ్న వేయుచున్నాను. అది పరలోకమును గూర్చినది కాదు, మీ ఇంటి అటకను గూర్చినది. మీ అటకమీదను, సజ్జమీదను, కొయ్యపెట్టెలోను, మంచము క్రిందను కలిపి ఎన్ని బొంతలున్నవి? ఆ ఇంటిలో రాత్రి పండుకొనువారు ఎందరు? ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడి. మొదటి లెక్క రెండవ దానికి నాలుగింతలో అయిదింతలో ఉన్నయెడల ఈ వ్యాసము మీకొరకే వ్రాయబడినది.

నేను చెప్పదలచిన మాట ఒక్కటే. దానిని మొదటనే చెప్పివేయుదును. ఇంటివారికిని వచ్చిపోవు చుట్టములకును చాలినంత ఉంచుకొనిన తరువాత మిగిలిన బొంత మనది కాదు. ఈ చలికాలములో కప్పుకొనుటకు ఏమియు లేనివాడు ఎవడో వానిది. వాని సొత్తును మన అటకమీద మూటగట్టి యుంచుట పొదుపు కాదు, భక్తి అంతకంటె కాదు. అది అన్యాయము.

"బొంతలమీద కూడ ప్రసంగమా అయ్యగారూ?" అని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుడి. కాని దేవుడు కప్పుబట్టను గూర్చి మాటలాడియున్నాడు. నిర్గమకాండము 22వ అధ్యాయము 26, 27 వచనములు తెరచి చూడుడి. బీదవాని పైబట్టను తాకట్టు పెట్టుకొనినవాడు ప్రొద్దు గ్రుంకకముందే దానిని వానికి చేర్చవలెనని అక్కడ ఆజ్ఞ యున్నది. వానికి ఉన్నది అదొక్కటే గదా, అది లేకపోయిన వాడు రాత్రి ఎట్లు నిద్రించునని దేవుడే అక్కడ అడుగుచున్నాడు. అప్పు ఇచ్చినవాడు చట్టప్రకారము పట్టుకొనిన బట్టను గూర్చియే దేవుడు ఇంత పట్టుదలతో అడిగినయెడల, ఎవరికిని అక్కరలేక మన ఇంట మడతపడి యున్న బట్టను గూర్చి మనలను ఏమని అడుగును?

మన నల్గొండ, మహబూబ్‌నగరు సీమలలో బొంత ఎట్లు పుట్టునో మీకు చెప్పనక్కరలేదు. ఎండకాలములో పొలము పని లేనప్పుడు మన అవ్వలు పాత నూలు చీరలను, పంచెలను ఉతికి, నాలుగైదు పొరలుగా పరచి, అంచులు మడచి, ఈ కొననుండి ఆ కొనవరకు వరుసవరుసగా కుట్లు వేయుదురు. ఒక్క బొంతకు ఎన్నో పగళ్ళు పట్టును. నడుము వంగిపోవును, చూపు మసకబారును, వ్రేలికి సూది గ్రుచ్చుకొనును. చినిగిన చీరను పారవేయక దానికి మరల ఆయుస్సు పోయుట మన పేద స్త్రీల జ్ఞానము. కూతురి కాన్పుకు ఒక బొంత, మనుమని ఉయ్యాలకు ఒక బొంత, పెండ్లికి వచ్చు చుట్టములకొరకు నాలుగు బొంతలు. ఇట్లు ప్రతి నెపమునకు ఒక బొంత కుట్టబడెను. పాలమూరు కూలీలు ఆనకట్టలకును, కాలువలకును, రోడ్లకును దేశములు పట్టి పోయిన దినములలో వారి నెత్తిమీది మూటలో సత్తు గిన్నెలతో కూడ పోయినది ఈ బొంతయే. పరాయి ఊరిలో వారికి ఇల్లు అనదగినది అదొక్కటే.

ఇప్పుడు కాలము మారినది. పానిపట్టు రగ్గులు, షోలాపురు దుప్పట్లు, నున్నని పాలిస్టరు కంబళ్ళు సంతలోనికి వచ్చినవి. పిల్లలు వాటినే కోరుదురు. కొడుకులు హైదరాబాదులో కాపురముండగా, అక్కడి మంచములమీద అవ్వ బొంతకు చోటు దొరకుట లేదు. అవ్వ మాత్రము చేతులు ఊరకుంచలేక కుట్టుచునే యున్నది. కాబట్టి బొంతలు పెరిగినవి, కప్పుకొనువారు తగ్గిరి. ఇది ఎవరి తప్పును కాదు. సమృద్ధి పాపము కాదు. సమృద్ధికి తాళము వేయుట పాపము.

యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో ధనవంతులను గద్దించుచు, చిమ్మెటలు కొట్టిన వారి వస్త్రములను వ్రేలితో చూపెను. మనము ధనవంతులము కామని మీరు అందురేమో. కాని చిమ్మెట గడపయొద్ద నిలిచి, ఇది ధనవంతుని ఇల్లా బీదవాని ఇల్లా అని అడుగదు. ఎక్కడ బట్ట వాడుకలేక పడియుండునో అక్కడ దూరును. అరణ్యములో మన్నాను మరునాటికి దాచుకొనినవారు రాజులు కారు, నిన్నమొన్నటి బానిసలు. అయినను వారి కుండలలో పురుగులు పట్టెను. మన అటక తెరచినప్పుడు ఎలుకలు కొట్టిన బొంత ఒకటి క్రింద పడినయెడల, అది ఆ కుండకు చెల్లెలే అని తెలిసికొనుడి.

ఇక ఆ బొంతల కడపటి గతి చూడుడి. అవ్వ ప్రభువునందు నిద్రించును. పాటలు పాడుదుము, వాక్యము చదువుదుము, మరణమా నీ విజయమెక్కడ అను అర్థముతో ప్రసంగించుదుము. సమాధి చేసి వచ్చిన మరునాడు ఆమె పండుకొనిన బొంతయు, ఆమె చేతితో కుట్టిన మరి నాలుగు బొంతలును ఊరి పొలిమేరలో పడియుండును, లేదా తగులబెట్టబడును. ఎందుకని అడిగిన "చచ్చినోళ్ళ బట్ట ఇంట్ల ఉండొద్దు అయ్యగారూ, మైల" అని మెల్లగా చెప్పుదురు. సహోదరులారా, క్రీస్తు మరణమును జయించెనని ఆదివారమున పాడిన నోటితో, మరణము బొంతకు అంటుకొనియున్నదని సోమవారమున చెప్పవచ్చునా? అవ్వకు అంటువ్యాధి ఉన్నయెడల వైద్యుని అడుగుడి, ఆయన తగులబెట్టుమనిన తగులబెట్టుడి. అది బుద్ధి. మైల అను భయము మాత్రము మన సంఘములలో దాగియున్న పాత దేవత. దానికి మనము అవ్వ చేతిపనిని బలి ఇచ్చుచున్నాము.

దీనికి ఎదురుగా యొప్పే పట్టణములోని మేడగదిని చూడుడి (అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము). దొర్కా చనిపోయినది. పేతురు వచ్చినప్పుడు విధవరాండ్రందరు ఏడ్చుచు, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను ఆయనకు చూపిరి. గ్రీకు మూలములో ఇక్కడ చూపుట అను మాట యొక్క రూపమునుబట్టి, ఆ విధవరాండ్రు తమ ఒంటిమీద ఉన్నవాటినే చూపిరని వ్యాఖ్యాతలు పలువురు చెప్పుదురు. అది నిజమైన పక్షమున, దొర్కా పెట్టె తెరచి చూపవలసిన పని లేకపోయెను. ఆమె కుట్టినవి బ్రతికియుండగానే చేరవలసినవారికి చేరియుండెను. ఆమె ఇంటిలో మైలపడుటకు మిగిలినది ఏమున్నది?

ఓ అవ్వలారా, ఓ అమ్మలారా! మీరు కుట్టినది మీ చావు తరువాత పొలిమేరకు పోవలెనా? మీరు బ్రతికియుండగా ఒక విధవరాలి భుజములమీదికి పోవలెనా? ఈ ప్రశ్నకు కొడుకులు జవాబు చెప్పువరకు కనిపెట్టకుడి. మీరే చెప్పుడి.

దీనికి వచ్చు ఆక్షేపణలు నాకు తెలియును. వాటిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది: "పాతబట్ట ఇచ్చుట అవమానము." ఈ మాటలో సగము సత్యమున్నది. చినిగి, మాసి, వాసన కొట్టు బొంతను, పారవేయుటకు చోటు లేక బీదవానికి ఇచ్చుట దానము కాదు, చెత్త ఎత్తిపోయుట. మన సీమలోనే దీనికొక పెద్ద సాక్ష్యమున్నది. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావేగారు భూమిలేనివారికొరకు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చిరి. అక్కడనుండి భూదానము దేశమంతట ప్రాకెను. కాని తరువాత అనేకచోట్ల దాతలు ఇచ్చినది రాళ్ళ నేల, చవిటి నేల. మరి ఎంతో భూమి కాగితముమీదనే నిలిచి బీదవానికి చేరలేదు. మొదటివాడు ఇచ్చినట్లు ఇచ్చినవారును ఉన్నారు, తమకు పనికిరానిది వదిలించుకొనినవారును ఉన్నారు. బొంత విషయములో మనము ఏ గుంపులో ఉందుము? దీనికి కొలత సులభము. ఆ బొంతమీద మీ మనుమని పండబెట్టుదురా? పండబెట్టుదుమనిన ఇయ్యుడి. లేదనిన ఉతికి, కుట్టి, బాగుచేసి ఇయ్యుడి. బాగుపడదనిన పశువుల కొట్టములో పరచుడి, సంఘమునకు తేకుడి. మలాకీ కాలమున కుంటి గొఱ్ఱెను బలిపీఠమునకు తెచ్చినవారి పేరు మనకు వద్దు.

రెండవది: "ఇది మా అమ్మ జ్ఞాపకము." మంచిదే. ఒక్క బొంత ఉంచుకొనుడి. నా మాట వినుడి, మంచి దానినే ఉంచుకొనుడి, ప్రతి చలికాలమున కప్పుకొనుడి. పదునైదు బొంతలు మూటలో ఉండుటవలన తల్లి పదునైదింతలు జ్ఞాపకమునకు రాదు. ఏండ్ల తరబడి మూట విప్పకుండ ఉన్నచోట జ్ఞాపకముండదు, దుమ్ముండును. మీ తల్లి చేతి కుట్టు ఒక అనాథ బిడ్డ వీపుమీద ఉన్నప్పుడు ఆమె పేరు ఆ ఇంట పలుకబడును. అంతకంటె మంచి సమాధిరాయి ఏది?

మూడవది: "చుట్టములు వత్తురు, కూటములు జరుగును, అప్పుడు కావలెను." లెక్క వేయుదము. ఇంటిలో అయిదుగురున్నారనుకొనుడి. పరచుకొనుటకు ఒకటి, కప్పుకొనుటకు ఒకటి చొప్పున 10. చుట్టములకు 4. మొత్తము 14. అటకమీద 20 ఉన్నయెడల 6 మిగిలినవి. ఇట్టి ఇండ్లు సంఘములో 30 ఉన్నయెడల 180 బొంతలు. వార్షిక కూటములకు కావలెననిన సంఘమంతటికి కలిపి ఒక పెట్టెలో 30 ఉంచుడి. అప్పటికిని 150 మిగులును. ఒక్క చిన్న సంఘములో 150 మంది చలి తీర్చు సొమ్ము ఎలుకల పాలగుచుండగా, మేము బీద సంఘమని మనము చెప్పుకొనుచున్నాము!

నాలుగవది: "ఇచ్చిన దానిని అమ్ముకొని త్రాగుదురు." ఒకడు త్రాగవచ్చును. అతనిని చూపి తొమ్మిదిమందిని వణకనిచ్చుట ఏ న్యాయము? వాడిన బొంతకు సంతలో వచ్చు ధర ఎంతో నాకంటె మీకే బాగుగా తెలియును. ఇంకొక సంగతి. చలిలో ఆడువారికిని పిల్లలకును కావలసినది మగవాని చేతికి ఎందుకు ఇత్తురు? తల్లి చేతికి ఇయ్యుడి.

అయిదవది కొందరు సంఘ పెద్దలు చెప్పునది: "కోతపండుగ దినమున వేలము వేసి సంఘ నిధికి జమకట్టుదము." ఈ మాట భక్తివలె వినబడును గనుకనే దీనికి గట్టిగా ఎదురు చెప్పుచున్నాను. వేలములో పాడువాడెవడు? రెండు బొంతలున్నవాడే మూడవది కొనును. వణకుచున్నవాడు వేలము పాడలేడు. బొంత ఒక అటకనుండి దిగి మరియొక అటక ఎక్కును. నడుమ ప్రహరీగోడకు కొన్ని రాళ్ళు వచ్చును. గోడకు చలి వేయదు, అయ్యలారా.

అయితే సంఘములో కుట్టు తెలిసిన బీద విధవరాలు ఉన్నయెడల, ఆమెచేత క్రొత్త బొంతలు కుట్టించి, ఆమె కూలి నిండుగా ఆమెకే చేరునట్లు పట్టణములో అమ్మించుడి. వంగదేశములో ఇట్లే పాతచీరలతో కుట్టు కాంథాలను నేడు దూరదేశములవారు సహితము కోరి కొనుచున్నారు. అది వేలము కాదు, జీవనోపాధి. ఈ భేదమును మన పూర్వులు బాగుగా ఎరుగుదురు. 1876-78 సంవత్సరముల ఘోరమైన కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌగారు బకింగుహాము కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని, ఆకలితో ఉన్నవారికి పని చూపి కూలి ఇప్పించిరి. కూలి తిన్నవాడు తల యెత్తుకొని తినును.

ఆ క్లౌగారే ఆ కరువు దినములలో మరియొక పని చేసిరి. సహాయముకొరకు వచ్చినవారు బాప్తిస్మము అడిగినను ఆయన ఇయ్యక నిలిపివేసిరి. గింజల కొరకు ఎవడును క్రీస్తు నామము ధరింపకూడదని ఆయన తలంపు. కరువు సహాయము ముగిసిన పిమ్మటనే బాప్తిస్మములు మరల ఆరంభమాయెను. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ చరిత్రను మన కూటములలో మిక్కిలి గర్వముతో చెప్పుకొందుము. ఆ 2,222 అను సంఖ్యను మాత్రము జ్ఞాపకముంచుకొని, దానికి ముందు ఆయన చేయి బిగపట్టుకొనిన నెలలను మరచిపోవుదుము. బొంత ఇచ్చునప్పుడు ఆ నెలలనే జ్ఞాపకము చేసికొనుడి. బొంతతో కరపత్రము కుట్టి ఇయ్యకుడి. "ఆదివారము గుడికి వస్తవా?" అని అడిగి ఇయ్యకుడి. చలికి మతము లేదు. మంచి సమరయుడు త్రోవప్రక్కన పడియున్నవాని గోత్రము అడుగలేదు.

మరి ఎవరికి ఇయ్యవలెను? మొదట మీ వాడలోనే చూడుడి. కొడుకులు వదలిన ముసలివారు, విధవరాండ్రు, పింఛనుమీద బ్రదుకువారు మీ గుడి వెనుకనే ఉందురు. తరువాత ఊరి బయట చూడుడి. యాదాద్రి భువనగిరి జిల్లాలోను హైదరాబాదు చుట్టుపట్లను ఉన్న ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీరు మొదలగు జిల్లాలనుండి కూలీలు భార్యాపిల్లలతో వచ్చుచున్నారు. చలికాలపు ఆరంభములో వచ్చి వానలకు ముందు వెళ్ళుదురు. ఇటుకలు పేర్చి, పైన రేకో కవరో కప్పిన గుడిసెలలో పండుకొందురు. ఒకప్పుడు పాలమూరువారు పరాయి దేశములో ఎట్లు పండుకొనిరో నేడు వారు మన దేశములో అట్లు పండుకొనుచున్నారు. మీరు పరదేశులై యుంటిరి గనుక పరదేశిని ప్రేమింపుడని ధర్మశాస్త్రము పదేపదే చెప్పుట ఇందుకే. మన సీమలో ఆ మాట అర్థము చేసికొనుటకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇంక నల్లమలలో అమ్రాబాదు పీఠభూమిమీద పెంటలలో ఉన్న చెంచువారున్నారు. దేవరకొండ ప్రాంతపు తండాలున్నవి. ప్రభుత్వ ఆసుపత్రుల వరండాలలో రోగులకు తోడుగా వచ్చి నేలమీద పండుకొనువారున్నారు. 2016లోను ఆ తరువాతను మన రెండు జిల్లాలు చీలి అనేక జిల్లాలైనవి గాని చలి చీలలేదు. డిసెంబరు, జనవరి రాత్రులలో ఈ మెట్టసీమ అంతట గాలి ఒక్కటే.

ఇక్కడ క్రిస్మసు రగ్గుల మాట చెప్పక విడువలేను. ప్రతి డిసెంబరులో అనేక సంఘములలో చందాలు ఎత్తి, వెలుతురు ఇటునుండి అటు కనబడునంత పలుచని రగ్గులు కట్టలుగా కొని తెచ్చుదురు. వేదిక కట్టుదురు. విధవరాండ్రను వరుసగా నిలువబెట్టుదురు. ఒక్క రగ్గును నలుగురు పెద్దలు పట్టుకొని, ముసలమ్మ నడుమ నిలువగా ఫోటో తీయించుకొందురు. ఆ ముసలమ్మకు ఆ వారములోనే మరి రెండు చోట్ల రగ్గులు దొరకును. బట్టీలోని తల్లికి ఒక్కటియు దొరకదు, ఏలయనగా ఆమె మన ఊరి ఓటరు కాదు, మన గుడి సభ్యురాలు కాదు. కప్పుకొనబోయిన చాలని వెడల్పు లేని దుప్పటిని గూర్చి యెషయా 28వ అధ్యాయము 20వ వచనములో ఒక మాట చెప్పెను. ఆ రగ్గులను చూచినప్పుడెల్ల నాకు అది జ్ఞాపకమునకు వచ్చును. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు కొండమీద నేర్పగా, మనము ఫోనులోని ప్రతి గుంపునకు తెలియజేయుచున్నాము. ఇంటింట మంచి బొంతలు పడియుండగా చందాలు ఎత్తి పలుచని రగ్గులు కొనుట ఎందుకు? బొంతకు ఫోటోలో అందము లేదు, అంతేనా?

మనము పుచ్చుకొనిన దినములను మరువకుడి. 1890లో అబ్రాహాము ఫ్రీసెను దొరగారు నల్గొండకు వచ్చి పని ఆరంభించిరి. ఆయన దక్షిణ రష్యాలో, అనగా నేటి ఉక్రెయినులో, వ్యవసాయము చేసికొని బ్రదుకు మెన్నోనైటు సంఘములవాడు. ఆ సంఘములవారు మన సీమకు మిషనరీలను పంపి, వారిని పోషించిరి. 1899లో అమెరికానుండి మెన్నోనైటు బ్రదరను మిషనరీలు వచ్చి, తరువాతి కాలమున మహబూబ్‌నగరు సీమలో గుడులు, బడులు, జడ్చర్లలో ఆసుపత్రి కట్టిరి. అమెరికా బాప్తిస్తు స్త్రీలు వైట్ క్రాస్ అను పేరుతో తమ చేతులతో సిద్ధపరచిన కట్టుగుడ్డలును, కప్పుబట్టలును మిషను ఆసుపత్రులకు పంపుచుండిరి. సముద్రములు దాటి వచ్చిన ఆ కుట్టుపని వెనుక మన అవ్వలవంటి అవ్వలే ఉండిరి.

అయితే చరిత్ర అక్కడ నిలువలేదు. నల్గొండకు మిషనరీని పంపిన ఆ దక్షిణ రష్యా సంఘములే యుద్ధమువలనను విప్లవమువలనను నలిగి, కరువులో చిక్కుకొని, తినుటకును కప్పుకొనుటకును లేనివారైరి. వారికి సహాయము చేయుటకే 1920లో అమెరికాలోని మెన్నోనైటులు తమ కేంద్ర సహాయ సంఘమును ఏర్పరచిరి. ఆ సంఘమునకు నూరేండ్లు నిండిన 2020 జనవరిలో వారు పండుగ ఎట్లు చేసికొనిరో వినుడి. పాత గుడ్డముక్కలను కలిపి ఒక్క దినమున 6,500 బొంతలు సిద్ధపరచవలెనని పూనుకొనిరి. వారి బొంతలు సిరియాకును, యోర్దానుకును, ఉక్రెయినుకును పోవుచున్నవి.

దీనిలో మనకు పాఠమున్నది. ఇచ్చు చేయి ఎల్లకాలము ఇచ్చు చేయి కాదు; పుచ్చుకొను చేయి ఎల్లకాలము పుచ్చుకొను చేయి కాదు. నల్గొండకు సువార్త పంపినవారు ఒక దినమున ఆకలిగొనిరి. అయితే మనము మాత్రము పుచ్చుకొను చేయినే ఇంకను చాపియున్నాము. దొరలు వెళ్ళి ఎన్నో ఏండ్లాయెను. అయినను ఎక్కడనుండియైన పార్సెలు వచ్చునేమో అని ఎదురుచూచు బుద్ధి మనలోనుండి వెళ్ళలేదు. పార్సెలు వచ్చియే యున్నది. అది మీ అటకమీద ఉన్నది. దానిమీది విలాసము మాత్రము మీది కాదు.

కాబట్టి ఏమి చేయవలెను? స్త్రీల సమాజమువారు అక్టోబరు నెలలో ఒక ఆదివారము బొంతల లెక్క పెట్టుడి. ప్రతి ఇంటివారు తమ లెక్క తామే వేసికొని మిగిలినవి తేవలెను. ఎవరి ఇంటిలోను చొరబడి అడుగకుడి, బలవంతము చేయకుడి. తెచ్చినవాటిని సబ్బుతో వేడినీళ్ళలో ఉతికి, రెండు మూడు దినములు మంచి ఎండలో తిరుగవేసి ఆరబెట్టుడి. కుట్టు విడిచినచోట కుట్టుడి, చినిగినచోట అతుకు వేయుడి. మరీ పాడైనవాటిలో మంచి ముక్కలు కత్తిరించి పసిబిడ్డలకు చిన్న బొంతలు చేయుడి, ఆదివారపు బడి పిల్లలు కూర్చుండుటకు పరుపులు చేయుడి. తరువాత ఇద్దరు సహోదరీలు మొదట వెళ్ళి, ఎక్కడ ఎందరున్నారు, ఏమి కావలెను అని అడిగి రావలెను. అక్కడ కావలసినది బొంత కాక బియ్యమో, మందో అయినయెడల ఆ మాట వినుడి. మన యొద్ద ఉన్నది కాదు, వారికి లేనిది ముఖ్యము. నవంబరు దాటకముందే ఇండ్లకు వెళ్ళి చేతికి ఇచ్చి రావలెను. వేదిక వద్దు, దండలు వద్దు, ఫోటోలు వద్దు.

చాలినప్పుడు చాలునని కూడ చెప్పుడి. ప్రత్యక్ష గుడారపు పనికి ఇశ్రాయేలీయులు కానుకలు తెచ్చుచుండగా, పనివారు వచ్చి కావలసినదానికంటె ఎక్కువ వచ్చినదని చెప్పిరి. వెంటనే మోషే ఇక తేవద్దని పాళెమంతట చాటించెను (నిర్గమ 36:5-7). కానుకలు ఆపుమని చెప్పిన నాయకుడు మన కాలమున ఎక్కడ కనబడును? ఒక పెంటకు కావలసినంత చేరిన తరువాత అక్కడ ఇంకొక కట్ట దించకుడి; తరువాతి పెంటకు పొండి. మన అటకమీది కుప్పను బీదవాని గుడిసెలోనికి మార్చి దానినే దానమనుకొనవద్దు.

ఈ సీమలో మంచి మాట ఒకటి యోబు నోట వినవచ్చును. తన గొఱ్ఱెల బొచ్చువలన వెచ్చదనము పొందిన బీదవారు తనను దీవించియుందురని యోబు చెప్పుకొనెను (31:20). కురుమ సోదరులు నేసిన నల్ల గొంగడి కప్పుకొని పెరిగిన మనకు ఆ వెచ్చదనము ఎట్టిదో తెలియును. అట్టి దీవెన వేదికమీద దొరకదు. నడిరాత్రి, ఎవరును వినకుండ, నిద్రలో ప్రక్కకు ఒత్తిగిలిన ఒకని నోటనుండి అది దేవునియొద్దకు పోవును.

కడపటి మాట. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివర రెండు చిన్న సంగతులున్నవి. 13వ వచనములో, త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని తెమ్మని అడిగెను. 21వ వచనములో, చలికాలము రాకముందే వచ్చుటకు ప్రయత్నింపుమని వ్రాసెను. అపొస్తలుడు చెరలో ఉన్నాడు. అంగీ త్రోయలో ఉన్నది. కర్పు నమ్మకస్థుడే, అంగీని భద్రముగానే దాచియుండును. కాని త్రోయలో భద్రముగా ఉన్న అంగీ రోమాలోని ఖైదీకి వెచ్చదనము ఇయ్యలేదు. దానిని ఎవడో ఒకడు ఎత్తుకొని నడువవలెను, అదియు చలికి ముందుగా నడువవలెను.

కర్పు ఇండ్లు మనకు చాలినన్ని ఉన్నవి. ఈ చలికాలము రాకముందు మీలో ఎవరు తిమోతి అగుదురు?